ఐదింటిలోగా పంపాల్సిన జవాబు

శుక్రవారం మూడు కావడానికి రెండు నిమిషాల ముందే డెల్ఫీన్ మసార్ వచ్చి మూడో బెంచీలో కూర్చుంది. కూర్చోగానే టోపీ అంచున పేరుకున్న మంచు కరిగి మెడ మీదుగా వెన్నులోకి జారింది. ప్రభువా, ఇంకా దండమైనా పెట్టలేదు, అప్పుడే వణికిస్తున్నావా, అనుకుంటూ భుజాలు ముడుచుకుంది. ఎదురుగా పీఠం మీద బంగారు కిరణాల పాత్ర, దాని నడిమధ్య గాజు వెనక తెల్లని అప్పం, అటొక జత ఇటొక జత కొవ్వొత్తులు. ముందు గంటకు కూర్చున్న పోస్టాఫీసు ఆవిడ మోకాలు వంచి లేచి, డెల్ఫీన్ భుజం మీద ఒక తట్టు తట్టి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది. ఇక ఈ చిన్న ప్రార్థనామందిరంలో తనూ, ఆ అప్పం రూపంలో ఉన్న ఆయనా. దివ్యసత్ప్రసాదాన్ని ఆరాధనకు పీఠం మీద ఉంచాక ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకూడదు, అందుకే ఊరివాళ్ళంతా గంటలు పంచుకున్నారు. ఈ శుక్రవారం మూడింటి గంటను నానమ్మ ఇర్మా పందొమ్మిదేళ్ళుగా ఎవరికీ ఇవ్వలేదు. గడ్డి కోతలప్పుడు కూడా ఇవ్వలేదు, తాతయ్య పోయిన వారం కూడా ఇవ్వలేదు. మొన్న తుంటి ఎముక ఆపరేషనై గ్రీన్ బే ఆసుపత్రిలో పడుకుంది కాబట్టి ఇవ్వక తప్పింది కాదు. మత్తు పూర్తిగా దిగకుండానే మనవరాలి చెయ్యి పట్టుకుని, "నా గంట నువ్వు కూర్చోవాలే. ఫోను బండిలోనే పడేసి లోపలికెళ్ళు. నాలుగింటికి క్లారెన్స్ వస్తాడు, వాడొచ్చేదాకా కదలకు. ఆయన్ని ఒక్కణ్ణీ వదిలేసి వచ్చావని తెలిసిందో, ఈ కొత్త తుంటితోనే లేచొచ్చి తంతాను" అంది. నర్సు నవ్వింది. నానమ్మ మాత్రం నవ్వలేదు.

అందుకని ఫోను బయట పికప్‌లో సీటు మీద ఉంది. ఆ ఫోనులో సెయింట్ ఒడీలియా కాలేజీ దరఖాస్తు ఉంది. మార్కుల జాబితా ఎక్కించింది, ఇద్దరు టీచర్ల ఉత్తరాలు వెళ్ళాయి, ఫాదర్ రాసిచ్చిన ఉత్తరం వెళ్ళింది. ఒకే ఒక్క గడి ఖాళీగా మిగిలింది. ఈ సాయంత్రం ఐదింటికి గడువు. అయినా డెల్ఫీన్ గుండె మామూలుగానే కొట్టుకుంటోంది. ఇక్కణ్ణుంచి ఇల్లు పన్నెండు నిమిషాలు, మంచులో పద్దెనిమిది అనుకున్నా నాలుగూ ఇరవైకల్లా వంటింటి బల్ల దగ్గర ఉంటుంది, నలభై నిమిషాల్లో మూడు వందల మాటలు రాయడం ఆమెకొక లెక్క కాదు. పరీక్షల్లో అందరికంటే ముందు లేచి కాగితం ఇచ్చేసే పిల్ల. ఏదో ఒకటి రాయగలనని తెలుసు. అసలు చిక్కు అదే, ఏదో ఒకటి రాయగలగడం. మీకు జవాబు తెలియని ప్రశ్న ఒకటి చెప్పండి, ఆ జవాబు మీకెందుకు కావాలి, అని అడిగారు వాళ్ళు. దేవుడు మంచివాడైతే లోకంలో ఇంత బాధ ఎందుకుంది అని క్రిస్మస్ సెలవుల్లోనే రాసి పెట్టుకుంది. ఇంగ్లీషు టీచరు చదివి కళ్ళు తుడుచుకుంది. ఈ ఉదయం ఓట్స్ జావ తాగుతూ మళ్ళీ చదివితే ఎవరో పెద్దావిడ పెళ్ళిలో ఇచ్చిన ఉపన్యాసంలా ఉంది. ఆ ప్రశ్న అబద్ధం కాదు, గొప్ప ప్రశ్నే, కానీ దాని గురించి తను ఒక్క పూటైనా అన్నం మానలేదు, ఒక్క రాత్రైనా మేలుకోలేదు. అడిగారు కదా అని వెతికి తెచ్చిన ప్రశ్న. చెరిపేసింది. మొత్తం చెరిపేసి జావ గిన్నె కడిగేసి బడికెళ్ళింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది గాని, మంచి పనే చేశాననిపిస్తోంది.

పక్క గోడ దగ్గర హీటరు టిక్కు టిక్కుమంటోంది. నేల కింద, పెద్ద చర్చి వంటగదిలో, మగవాళ్ళు బానల్లో నూనె కాస్తున్నారు. ఈస్టరు ముందటి తపస్సుకాలం శుక్రవారం, మాంసం ముట్టని రోజు, సాయంత్రానికి ఊరంతా వేపిన చేపలకోసం వరసలో నిలబడుతుంది. ఆ వాసన చెక్కనేల సందుల్లోంచి పైకొచ్చి సాంబ్రాణితో కలిసి ఒక వింత వాసనైంది. ప్రభువా, నీకీ వాసన ఇష్టమేనా, గలిలయ ఒడ్డున నువ్వే నిప్పు రాజేసి చేపలు కాల్చిపెట్టావుగా, ఇష్టమే అయుంటుంది. నాన్నకైతే ప్రాణం. నాన్న మామూలు రోజుల్లో చర్చి గుమ్మం తొక్కడు గాని చేపల శుక్రవారం మాత్రం మొదటి వరసలో ఉంటాడు, నేరుగా కిందికి దిగి, తిని, బల్లలు మడతపెట్టి, పైకి ఒక్క మెట్టు ఎక్కకుండా వెళ్ళిపోతాడు. ఆదివారం పూజకైతే వస్తాడు గాని వెనక తలుపు పక్కన నిలబడతాడు, ఎంత ఖాళీ ఉన్నా కూర్చోడు. చిన్నప్పుడు డెల్ఫీన్ అనుకునేది, నాన్నలందరూ అంతేనేమో, కూర్చుంటే వాళ్ళ ప్యాంటు నలుగుతుందేమో అని.

ఈ పూట నాన్న కౌంటీ వాళ్ళ మంచు తోసే లారీ మీద ఉన్నాడు, తెల్లారి నాలుగింటి నుంచి. పొద్దున బల్ల మీద ఆయన తాగి వదిలేసిన కాఫీ కప్పు సెయింట్ ఒడీలియా వాళ్ళ పుస్తకం మీద ఉంది, అట్ట మీద నవ్వుతున్న నలుగురు విద్యార్థుల మొహాల చుట్టూ గోధుమరంగు సున్నా. కావాలని పెట్టలేదు. నాన్న కావాలని ఏదీ చెయ్యడు, అదే బాధ. ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద రాష్ట్ర విశ్వవిద్యాలయం ఉత్తరం మాత్రం తిన్నగా, నలగకుండా ఉంది. నర్సింగులో సీటు, ఫీజులో సగానికి పైగా మాఫీ. ఆ ఉత్తరం వచ్చిన రోజు నాన్న దాన్ని జేబులో పెట్టుకుని లారీ షెడ్డుకు తీసుకెళ్ళి అందరికీ చూపించాడు, అమ్మ చెప్పింది. నలభై వేలమంది చదివే చోటు. అక్క కోరిన్ అక్కడే రెండో సంవత్సరం. సిస్టర్లు నడిపే ఆ సెయింట్ ఒడీలియాలో మొత్తం నాలుగు వందలమందే ఉంటారని విని కోరిన్ ఫోనులో పడీ పడీ నవ్వింది. "మా కెమిస్ట్రీ క్లాసులోనే అంతమందిమి ఉంటామే. మీ కాలేజీ మొత్తాన్ని తెచ్చి మా వెనక వరసల్లో కూర్చోబెట్టొచ్చు. సరే గాని, ముసుగు వేసుకుంటావా? సిస్టర్ డెల్ఫీన్ అని పిలవాలా నిన్ను?" అంది. "పిలువు, దీవిస్తాను" అంది డెల్ఫీన్. ఆ సంభాషణలో అక్కను చివరి మాట అననివ్వలేదు. ఎవరినీ అననివ్వదు. బళ్ళోనూ అంతే, టీచరు అడగడం పూర్తికాకముందే చెయ్యి లేస్తుంది, జవాబు సరిగ్గానే ఉంటుంది, టీచరు భేష్ అని ముందుకెళ్ళిపోతుంది. పన్నెండేళ్ళుగా అలాగే. ఎందుకు అని ఎవరూ అడగలేదు. సరైన జవాబు వచ్చాక ఎందుకడుగుతారు.

నాన్న అడిగాడు. ఆయన ధోరణిలో ఆయన అడిగాడు. జనవరిలో, గరాజులో టైర్ల గొలుసులకు నూనె రాస్తూ, మొహం ఎత్తకుండా, "అక్కడ చదివి బయటికొచ్చాక నువ్వేమవుతావ్?" అన్నాడు. డెల్ఫీన్ సిద్ధంగానే ఉంది. నూటికి తొంభైనాలుగుమంది ఆర్నెల్లు తిరక్కుండా ఉద్యోగాల్లో చేరారని, ఇంతమంది వైద్యవిద్యకు వెళ్ళారని, ఇంతమంది లాయర్లయ్యారని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పింది. ఆయన విన్నాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "నేనడిగింది వాళ్ళ సంగతి కాదు" అన్నాడు. తర్వాత గుడ్డ పక్కన పడేసి, "ఫాదర్ల బళ్ళ గురించి నాకు తెలుసే డెల్. మంచిగానే చూసుకుంటారు. నోరు మూసుకుని ఉన్నంతకాలం" అని లోపలికెళ్ళిపోయాడు. ఆ రోజు ఆమెకు కోపమే వచ్చింది, ఓడిపోయినట్టు కూడా అనిపించింది, తొంభైనాలుగు శాతం చేతిలో పట్టుకుని ఓడిపోవడమేమిటని. నానమ్మ తర్వాత చెప్పింది. నాన్నకు పద్నాలుగేళ్ళప్పుడు ఫాదరు అయ్యే చదువుకని దూరంగా ఒక మఠం బడిలో చేర్చారట. వాడే వెళ్తానన్నాడు, నేను పంపలేదు, అంది నానమ్మ, అది ముందు చెప్పాలన్నట్టు. రెండో ఏడు ఏదో క్లాసులో ఏదో అడిగాడట. రాత్రి భోజనం దాకా వరండాలో మోకాళ్ళ మీద ఉంచారట. మర్నాడు మళ్ళీ అదే అడిగాడట. ఈస్టరుకు ఇంటికొచ్చి సంచీ మంచం కిందికి తోసి, ఇక వెళ్ళనన్నాడు. ఏమడిగాడు నానమ్మా, అంటే, "చెప్పలేదే. ముప్ఫై ఏళ్ళయింది. మీ తాత అడిగాడు, నేనడిగాను, పెళ్ళయ్యాక మీ అమ్మ అడిగింది. చెప్పడు" అంది.

కొవ్వొత్తి ఒకటి చిటపటలాడింది. డెల్ఫీన్ వెనక్కి తిరిగి గోడ గడియారం చూసింది. మూడూ ఇరవై. ప్రార్థన ఇంకా మొదలే పెట్టలేదు. జపమాల జేబులోంచి తీసింది, మొదటి పూస పట్టుకుంది, పరలోకమందున్న మా తండ్రీ, తండ్రీ దగ్గరే ఆగిపోయింది, మళ్ళీ నాన్న దగ్గరికే వచ్చింది. అసలు ఆయనకు ఏం చెప్పాను. నవంబరులో అమ్మ తనను తీసుకుని రాష్ట్రానికి ఆ చివరిదాకా, మిసిసిపీ ఒడ్డు దాకా, నాలుగున్నర గంటలు బండి నడిపింది, బడి బస్సు నడిపే చెయ్యి కదా, ఒక్కసారీ హారను కొట్టలేదు. తిరిగొచ్చాక నాన్నకు ఏం చెప్పాను. కొండమీద కాలేజీ, కింద నది, రాతి గోడలు, భోజనశాలలో సిస్టర్లే చేసిన రొట్టె, గదికి ఇద్దరు, గ్రంథాలయం రాత్రి పదకొండుదాకా. అన్నీ చెప్పాను. ఆ క్లాసు గురించి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు. సిగ్గేసింది కాబట్టి. తనకు, డెల్ఫీన్‌కు, సిగ్గా. అవును సిగ్గే, ఒప్పుకుంటే ఏం పోయింది, ఇక్కడ వినేది నువ్వొక్కడివే.

ఆ క్లాసు చిన్న గదిలో. పొడుగుబల్ల చుట్టూ పదమూడుమంది, చూడ్డానికొచ్చిన తను పద్నాలుగు. రెండువేల ఏళ్ళ నాటి రేఖాగణితం, దానికి వేరే గైడూ లేదు, వెనక పేజీల్లో జవాబులూ లేవు, రోజుకొకరు లేచి బోర్డు దగ్గర నిలబడి మొదటినుంచీ నిరూపించాలి. ఆ రోజు టోబయాస్ అనే పొడుగుపాటి కుర్రాడి వంతు, చెవులు ఎర్రగా కందిపోయాయి. చివర కూర్చుంది సిస్టర్ మెక్టిల్డ్, బూడిదరంగు అంగీ చేతులనిండా సుద్దపొడి, డెబ్బై ఏళ్ళుంటాయి, ఒక్క మాటా మాట్లాడదు. టోబయాస్ సగందాకా బాగానే వచ్చి ఆగిపోయాడు. ఆగిపోతే ఎవరూ నవ్వలేదు, ఎవరూ అందించలేదు. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. డెల్ఫీన్‌కు కాళ్ళు నేలమీద నిలవలేదు. తప్పెక్కడో కనిపిస్తూనే ఉంది, అందరికీ కనిపించాలి కదా, ఎలా ఊరుకుంటున్నారు వీళ్ళు. చివరికి ఉండబట్టలేక అనేసింది, "ఆ రెండు గీతలూ కలుస్తాయని మీకెలా తెలుసు?" అని. పదమూడు తలలు తిరిగాయి. టోబయాస్ బోర్డువైపు చూసి, "ఔను, నిజమే, నాకు తెలీదు" అన్నాడు, హాయిగా, ఎవరో బరువు దించినట్టు. అప్పుడు సిస్టర్ మెక్టిల్డ్ మొదటిసారి నోరు తెరిచింది. "మంచి ప్రశ్నమ్మా. మరి కలవకపోవచ్చని నీకెలా తెలుసు?" అంది. డెల్ఫీన్ నోరు తెరిచింది. జవాబు రాలేదు. మళ్ళీ తెరిచింది. వాళ్ళు తనకోసం ఆగారు. పదమూడుమందీ, ఆ ముసలి సిస్టరూ, టోబయాస్‌కోసం ఎంత తీరుబడిగా ఆగారో అంత తీరుబడిగా, కిటికీ బయట నది మీద ఒక సరుకు పడవ ఈ చివరినుంచి ఆ చివరికి పోయేదాకా ఆగారు. "నాకు తెలీదు" అంది డెల్ఫీన్. క్లాసుగదిలో ఆ మాట అనడం జీవితంలో అదే మొదలు. చెంపలు మండిపోయాయి. కానీ కింద, ఆ మంట కింద, ఇంకేదో ఉంది. ఇంటికొచ్చే దారంతా ఉంది, నాలుగున్నర గంటలూ, అమ్మ పక్కన కూర్చుని రొట్టె తుంచుకుంటూ, ఆ రెండు గీతలూ కలుస్తాయా కలవవా, కలుస్తాయని ఎందుకనుకుంటున్నాం, అసలు చూడ్డానికి తిన్నగా ఉన్నది ఎంత దూరమైనా తిన్నగానే ఉంటుందని ఎవరు మాటిచ్చారు. ఆ రాత్రి మేలుకుంది. మూడు నెలలుగా అప్పుడప్పుడూ మేలుకుంటూనే ఉంది.

ఇదే.

ప్రభువా, ఇదే కదా నా ప్రశ్న, ఇంతసేపూ చంకలో పెట్టుకుని ఊరంతా వెతికాను. డెల్ఫీన్ జపమాల పక్కన పెట్టింది. బెంచీ అరలో చందా కవర్ల దగ్గర వేలెడంత పెన్సిల్ ఉంది, గత ఆదివారం చర్చి పత్రిక ఉంది, దాని వెనకపక్క చేపల విందు ప్రకటన కింద అరపేజీ ఖాళీ. మోకాలి మీద పెట్టుకుని రాసింది. గీతల గురించి రాసింది, టోబయాస్ చెవుల గురించి రాసింది, నాకు తెలీదని అన్నప్పుడు సిగ్గూ సంతోషమూ ఒకేసారి ఎలా కలిగాయో రాసింది. తర్వాత ఎందుకు కావాలి అన్నచోట ఆగింది. పెన్సిలు కొరికింది. పుస్తకంలో ఉన్నది ఏదీ రాయకూడదనుకుంది. మా నాన్న చిన్నప్పుడు ఒక ప్రశ్న అడిగితే ఎవరూ ఆయనకోసం ఆగలేదు, అని రాసింది. ఆ ప్రశ్న ఏమిటో నాకు తెలీదు. మీ క్లాసులో నాకోసం ఆగారు. నాకు గీతల జవాబు కావాలి, దానికంటే, అడిగినవాళ్ళకోసం ఆగడం నాకు నేర్పండి, నాకు అది బొత్తిగా రాదు, నేను అందరికంటే ముందు చెయ్యెత్తే మనిషిని. అక్కడితో కాగితం అయిపోయింది. చివరి వాక్యం చేపల బొమ్మ చుట్టూ వంకర తిరిగింది. చదువుకుంది. కళ్ళు తుడుచుకునేలా ఏమీ లేదు. ఒక్క మాటా మార్చాలనిపించలేదు. టైపు కొట్టడానికి పది నిమిషాలు చాలు. అమ్మయ్య అనుకుని, అప్పుడు నిజంగానే, మొదటిసారిగా, ఖాళీ మనసుతో ఆ తెల్లని అప్పంకేసి చూస్తూ కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో తెలీలేదు.

తెలిసేసరికి నాలుగూ ఐదు. క్లారెన్స్ లెమెన్స్ రాలేదు. ఎనభై ఏళ్ళ ఆ పెద్దాయన ఎప్పుడూ పావుగంట ముందే వచ్చి వెనక బెంచీలో గట్టిగా ఊపిరి పీలుస్తూ కూర్చుంటాడని నానమ్మ విసుక్కునేది. నాలుగూ పది. కిటికీలో మంచు అడ్డంగా కొడుతోంది, ఊరి పక్క సరస్సు మీది గాలి. నాలుగూ ఇరవై. ఇంటికెళ్ళి రాయడం అనేది ఇక లేదు, సరే, పికప్‌లోనే ఫోనులో కొడతాను, దానికి తలుపు దాటితే చాలు, ఇరవై అడుగులు. ఇరవై అడుగులే. పదంటే పది నిమిషాలు. ఎవరు చూస్తారు. ప్రభువా, నువ్వే చెప్పు, ఎవరు చూస్తారు అని నిన్నే అడుగుతున్నాను, నా తెలివి ఇలా ఉంది. కిందికి కేకేస్తే వంటగది మోటరు మోతలో ఎవరికీ వినపడదు. మెట్లు దిగి వెళ్ళినా ఒంటరిగా వదిలినట్టే. పందొమ్మిదేళ్ళు. తాతయ్య పోయిన వారం కూడా. డెల్ఫీన్ లేచి నిలబడింది, తలుపుదాకా వెళ్ళింది, పిడి మీద చెయ్యి వేసింది. పిడి చల్లగా ఉంది. వెనక హీటరు టిక్కుమంది. ఇది పోతే ఏమవుతుంది, సెయింట్ ఒడీలియాకి వచ్చే ఏడు రాసుకోవచ్చు, లేదా గడువు దాటాక ఫోను చేసి బతిమాలుకోవచ్చు, వింటారో వినరో. నర్సింగు సీటు ఫ్రిజ్ మీద ఉండనే ఉంది, అదీ మంచి చదువే, తను మంచి నర్సే అవుతుంది. ఏడుపు రాలేదు. రాసింది రాసింది, జేబులో ఉంది, అది నిజం, దాన్నెవరూ చెరపలేరు. తిరిగొచ్చి బెంచీలో కూర్చుంది. నాలుగూ ఇరవై ఆరు.

బయట పెద్ద ఇంజను వచ్చి ఆగింది, ఆగి గుర్రుమంటూనే ఉంది. తలుపు తెరుచుకుని చలిగాలి, దాని వెనక నారింజరంగు కోటు, మోకాళ్ళదాకా మంచు. నాన్న. గుమ్మం మీద నిలబడిపోయాడు, లోపలికి అడుగు వెయ్యలేదు.

"క్లారెన్స్ బండి గోతిలోకి జారింది" అన్నాడు గుసగుసగా, ఆయన గుసగుస కూడా గట్టిగానే ఉంటుంది. "దెబ్బలేం తగల్లేదు. లాగుదామని కొక్కెం తగిలించబోతే తగిలించనివ్వడే ముసలాయన. నా గంట, నా గంట అంటాడు. నువ్వెళ్ళి ఆ పిల్లకు చెప్పొస్తానని మాటిస్తే గాని బండి ముట్టుకోనీనన్నాడు. చెప్పాను. ఇంకొకరెవరైనా వచ్చేదాకా ఉండు. నేను వెళ్ళాలి, రోడ్డు అంతా..."

"నాన్నా, నేను ఉండలేను" అంది డెల్ఫీన్. లేచి ఆయన దగ్గరికెళ్ళింది. దరఖాస్తు పంపేస్తున్నానన్నది అమ్మచేత చెప్పిద్దామని, కోరిన్‌చేత చెప్పిద్దామని, పంపేశాక చెబుదామని ఆమె మూడు రకాలుగా అనుకున్న విషయం. "ఐదింటిలోగా సెయింట్ ఒడీలియాకి దరఖాస్తు పంపాలి. రాసేశాను. ఫోను బండిలో ఉంది. నువ్వు కూర్చుంటేనే నేను బయటికి వెళ్ళగలను. కూర్చోకపోతే వెళ్ళను. అడుగుతున్నాను, నువ్వు కూర్చుంటావా?"

ఆయన ఆమెకేసి చూడలేదు. ఆమె తల మీదుగా పీఠంకేసి చూశాడు. బూట్లకింద మంచు కరిగి మడుగైంది. ఏదో ఒకటి అని ఆయన్ని తొందరపెట్టాలని, తొంభైనాలుగు శాతం మళ్ళీ చెప్పాలని మాట ఆమె నాలుక చివర దాకా వచ్చింది. పళ్ళు బిగించి ఆగింది. కొవ్వొత్తులు కదిలాయి. బయట ఇంజను గుర్రుమంది.

"వాళ్ళు ఏమైనా అంటారా, ఈ బూట్లతో" అన్నాడు ఆయన చివరికి.

"ఎవరంటారు?"

నాన్న టోపీ తీశాడు. తలుపుకి దగ్గరగా ఉన్న చివరి బెంచీలో, అంచు మీద, బస్సు కోసం కూర్చున్నవాడిలా కూర్చున్నాడు. "పో. ఇంజను ఆపలేదు, డీజిలు కాలిపోతోంది" అన్నాడు.

పికప్‌లో అద్దాలన్నీ మంచుతో తెల్లబడి, గుడ్డుపెంకు లోపల కూర్చున్నట్టుంది. చర్చి పత్రికను స్టీరింగు మీద ఆనించి ఎక్కడా ఆగకుండా కొట్టింది, వేళ్ళు మొద్దుబారి అక్షరాలు తప్పులు పడ్డాయి, దిద్దింది, మళ్ళీ కొట్టింది. నాన్న వాక్యం దగ్గర ఒక్కసారి ఆగింది. ఆయన లోపల కూర్చున్నాడు, ఆయన గురించి ఎవరికో చెబుతున్నాను, తీసెయ్యనా. తీసెయ్యలేదు. అయితే ఆయనకు చూపించాలి, అదొక్కటే న్యాయం, అనుకుంది. నాలుగూ యాభై రెండుకు పంపింది. మీ దరఖాస్తు అందింది, కృతజ్ఞతలు, అని తెర మీద నీలి అక్షరాలు వచ్చాయి. ఇంత చిన్న మాటా, అనుకుని ఒక్కతే నవ్వుకుంది.

లోపలికొచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆయన బెంచీలో కాస్త లోపలికి జరిగి ఉన్నాడు, వీపు ఆనించి. "పంపావా?" అన్నాడు. "పంపాను. ఇదిగో, ఇది చదువు. నీ గురించి కూడా ఉంది. కోపమొస్తే ఇంటికెళ్ళాక తిట్టు" అని పత్రిక ఆయన చేతిలో పెట్టింది. కళ్ళజోడు లారీలో ఉందేమో, కాగితాన్ని చెయ్యంత దూరాన పట్టుకుని, పెదవులు కదుపుతూ చదివాడు. చేపల బొమ్మ చుట్టూ తిరిగినచోట కాగితాన్ని కూడా తిప్పాడు. ఒకసారి పూర్తయ్యాక మళ్ళీ మొదటికెళ్ళాడు. తర్వాత నాలుగు మడతలు పెట్టి, తిరిగివ్వకుండా, కోటు లోపలి జేబులో పెట్టుకుని జిప్పు లాగేసుకున్నాడు. ఐదింటికి రావాల్సిన దంపతులు మంచు దులుపుకుంటూ వచ్చి, చివరి బెంచీలో కూర్చున్న నాన్న నార్బర్ట్ మసార్‌ని చూసి, చూడనట్టు నటిస్తూ ముందుకెళ్ళారు. తండ్రీ కూతురూ లేచి మోకాలు వంచి బయటికొచ్చారు.

గాలి కొంచెం తగ్గింది. కిందనుంచి చేపల వాసన బాగా వస్తోంది, జనం అప్పుడే వరస కడుతున్నారు. నాన్న లారీ మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగాడు.

"ఆ కాలేజీ కొండమీదన్నావు కదా."

"అవును."

"రోడ్డు ఎంత వాలుగా ఉంటుంది?"

"బాగానే ఉంటుంది. అమ్మ రెండో గేరులో ఎక్కించింది."

"మంచు ఎవరు తోస్తారు? అక్కడి కౌంటీ వాళ్ళా, కాలేజీకి సొంత బండి ఉందా?"

"తెలీదు నాన్నా."

"రొట్టె ఎవరు చేస్తారో తెలుసుకున్నావు. ఇది కనుక్కోలేదా." గొంతులో విసుగుంది, మామూలు విసుగు, బూట్లు తుడవకుండా ఇంట్లోకొస్తే పడేటంత. "చేర్చుకున్నవాళ్ళని మళ్ళీ రమ్మంటారు కదా, చేరేముందు. ఎప్పుడు?"

"ఏప్రిల్లో."

"సరే. నేనొస్తాను. చూస్తాను."

"ఏప్రిల్లో మంచు ఉండదు నాన్నా."

"మంచు లేకపోతే ఏమే, వాలు ఉంటుందిగా" అంటూ నాన్న లారీ ఎక్కి తలుపు వేసుకున్నాడు. అద్దం దింపి, గట్టిగా, వరసలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా అన్నాడు, "నాకు రెండు ముక్కలు తీసి ఉంచమని చెప్పు. ఆ ముసలాయన బండి గోతిలోంచి లాగి, ఆయన్నీ ఎక్కించుకొస్తాను."

డెల్ఫీన్ వెళ్ళి వరస చివర నిలబడింది.